రేకుల కూలర్‌ను దారికి తెచ్చుకోవడం ఎలా

పోయిన రోహిణి కార్తెలో ఒకరోజు పక్కింటి అత్తమ్మ గోడ మీది నుంచి పిలిచింది. “కొడుకా, కూలర్ల రెండుసార్లు ఐసు గడ్డలేసిన, అయినా గాలి సల్లగొస్తలేదు, మోటర్ ఖరాబైందా ఏంది, జర సూడరాదు” అని. పోయి చూస్తే మోటర్ బాగుంది, ఫ్యాన్ బాగుంది, నీళ్లు తిరుగుతున్నాయి. గడ్డి మాత్రం జాలీలోంచి కిందికి జారి అడుగున ముద్దగా కూర్చుంది, పైన నా అరచెయ్యి దూరేంత సందు. ఆ సందులోంచి బయటి వడగాలి నేరుగా ఇంట్లోకి వస్తోంది. దానికి తోడు చల్లగాలి బయటికి పోతుందని తలుపులు, కిటికీలు అన్నీ బిగించి పెట్టుకున్నారు.

నేను చౌటుప్పల్ వైపు ఒక మందుల కంపెనీలో స్క్రబ్బర్ల దగ్గర పనిచేస్తాను. స్క్రబ్బర్ అంటే ఒక పెద్ద టవర్, దాని నిండా ప్లాస్టిక్ రింగులు, పైనుంచి నీళ్లు పడుతుంటాయి, కిందినుంచి యాసిడ్ ఆవిర్లున్న గాలి ఎక్కుతుంది. రింగుల పనల్లా నీళ్లను పలచగా పరిచి గాలికి ఎక్కువ తడి జాగా చూపించడమే. కూలర్ కూడా అదే, కాకపోతే ఇక్కడ గాలి కిందినుంచి కాకుండా పక్కనుంచి వస్తుంది, రింగుల బదులు గడ్డి. ఒకసారి మా దగ్గర పంపు తిరుగుతూనే ఉంది, గేజ్ సరిగ్గానే చూపిస్తోంది, టవర్ పైనుంచి మాత్రం పొగలు. విప్పితే నీళ్లు పంచే పళ్లెంలో సగం రంధ్రాలు మూసుకుపోయి ఉన్నాయి. నీళ్లు ఒక పక్క దిగుతున్నాయి, గాలి ఇంకో పక్క ఎక్కుతోంది, రెండూ కలిస్తే కదా. అప్పటినుంచి ఎవరి కూలర్ చూసినా నాకు మొదట వచ్చే అనుమానం అదే. ఇక్కడ రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అన్నిటికంటే ముందు, ప్లగ్ తీయండి. స్విచ్ ఆపితే చాలదు, మన ఇళ్లలో కొన్ని చోట్ల వైరింగ్ తలకిందులుగా ఉంటుంది, స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉండొచ్చు. ఇనుప బాడీ, నీళ్లు, తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, ఇవన్నీ ఒకచోట చేరే వస్తువు ఇది. మూడు పిన్నుల ప్లగ్, నిజంగా భూమిలోకి దిగిన ఎర్తింగ్, బోర్డులో కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కిరాయి ఇల్లని ఎర్తింగ్ వదిలేయకండి, ఓనర్‌తో గొడవైనా సరే. నడుస్తున్న కూలర్‌లో బిందెతో నీళ్లు పోయడం, పిల్లలు జాలీ పట్టుకోవడం, రెండూ బంద్.

ఇప్పుడు అసలు లెక్క. మీ కూలర్ ఎంతవరకు చల్లబరచగలదో తెలియకుండా దాన్ని తిట్టి లాభం లేదు. సైన్స్ సామాన్లు అమ్మే షాపులో రెండు మామూలు థర్మామీటర్లు కొనండి. ఒకదాని బల్బుకు తడిపిన పల్చటి నూలు గుడ్డ చుట్టండి, రెండోది పొడిగా ఉంచండి. కూలర్ గాలి పీల్చుకునే వైపు, నీడలో రెండూ పెట్టి, టేబుల్ ఫ్యాన్‌తో వాటికి గాలి తగిలేలా చేయండి. తడి గుడ్డ ఉన్నదాని అంకె నాలుగైదు నిమిషాలు దిగుతూ వచ్చి ఒకచోట ఆగుతుంది. ఎంత మంచి ప్యాడ్ (నీళ్లతో తడిసే గడ్డి లేదా అట్ట) పెట్టినా కూలర్ గాలి ఆ అంకె కిందికి దిగదు.

నల్లగొండలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. తడి థర్మామీటర్ 24 దగ్గర ఆగుతుంది. అంటే మధ్యలో 18 డిగ్రీల తేడా ఉంది, కూలర్ ఆడుకునే మైదానం అంతే. ఇప్పుడు పొడి థర్మామీటర్‌ను కూలర్ మూతి దగ్గర, నీటి తుంపర తగలకుండా పట్టుకోండి. 28 చూపిస్తే 18కి 14 దిగింది, దాదాపు 78 శాతం, ఇక దాన్ని కదిలించకండి. 33 చూపిస్తే సగమే పని జరుగుతోంది, విప్పాల్సిందే. మా అత్తమ్మ కూలర్ ఆ రోజు సగం కూడా చేయడం లేదు.

ఐసు సంగతి ఇక్కడే తేల్చేద్దాం. చాలామంది నీళ్లు చల్లగా ఉంటే గాలి చల్లబడుతుంది అనుకుంటారు. గాలిని చల్లబరిచేది నీళ్ల చల్లదనం కాదు, నీళ్లు ఆవిరవడం. తడి ఉపరితలానికి అంటుకుని పలచటి గాలి పొర ఒకటి ఉంటుంది, దాంట్లోంచి వేడి అనేది గాలి నుంచి నీళ్లలోకి పోతుంది, అదే పొరలోంచి ఆవిరి నీళ్ల నుంచి గాలిలోకి వస్తుంది. ఒకే వాకిట్లోంచి ఒకరు లోపలికి, ఒకరు బయటికి. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి, ఆ వేడిని గాలి దగ్గర్నుంచే లాక్కుంటుంది. గంటకు 3,000 ఘనపు మీటర్ల గాలి నిజంగా తోసే కూలర్ ఆ 42 డిగ్రీల గాలిని 28కి దించాలంటే గంటకు దగ్గర దగ్గర 20 లీటర్లు ఆవిరి చేయాలి, అంటే నిమిషానికి 800 కిలోజౌళ్లు. రెండు కిలోల ఐసు కరిగి, ఆ నీళ్లు మళ్లీ 24 డిగ్రీలకు వచ్చేదాకా పీల్చుకునేది మొత్తం కలిపి 870 కిలోజౌళ్లు. ఒక నిమిషం పని! ఫ్రిజ్ దానికోసం రాత్రంతా కరెంటు తాగింది. అట్లాగే మేడ మీది ట్యాంకు నీళ్లు కాలుతున్నాయని కూడా బెంగ వద్దు, 50 లీటర్ల వేడి నీళ్లు ప్యాడ్ మీద తిరగడం మొదలుపెడితే కాసేపట్లోనే వాటంతటవే ఆ తడి థర్మామీటర్ అంకె దగ్గరికి దిగుతాయి.

కాబట్టి చెయ్యి పెట్టాల్సింది ప్యాడ్ మీద.

గడ్డి కూలర్ అయితే పాత గడ్డి మొత్తం తీసిపారేయండి, దులిపి మళ్లీ పెట్టే కక్కుర్తి వద్దు. కొత్త గడ్డిని బకెట్లో అరగంట నానబెట్టి, పిండి, వేళ్లతో విడదీయండి. జాలీని నేల మీద పడుకోబెట్టి ఒక పొర నిలువుగా, దాని మీద ఇంకో పొర అడ్డంగా పరవండి, మొత్తం రెండు అంగుళాల మందం వచ్చేదాకా. వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి, ఎక్కడైనా వెలుగు చుక్కలా కాకుండా పట్టీలా కనిపిస్తే అక్కడ పలచబడ్డట్టు. పైఅంచు దగ్గర నాలుగు వేళ్ల గడ్డి ఎక్కువే పెట్టి లోపలికి మడవండి, తడిసి దిగినా సందు పడదు. చివరగా సుతిలితో అడ్డంగా రెండు మూడు వరుసలు జాలీకి కుట్టండి. ఈ కుట్టు ఎవరూ వేయరు, గడ్డి జారేది కూడా అందుకే.

మందంగా కుక్కితే ఇంకా చల్లగా వస్తుందా అని అడుగుతారు. కొంతవరకు వస్తుంది. ఒక పొర దాటేసరికి తేడాలో 60 శాతం పోతుందనుకుందాం, 18 డిగ్రీల్లో 7 మిగులుతుంది. రెండో అంత పొర పెడితే ఆ 7లో 60 శాతం పోయి 3 మిగులుతుంది. మూడోది పెడితే 3లోంచి ఇంకో రెండు డిగ్రీలు కూడా రాదు, ఈలోపు ఫ్యాన్ మీద మాత్రం భారం పెరిగి గాలి తగ్గిపోతుంది. మన రేకుల కూలర్లలో ఉండే రెక్కల ఫ్యాన్‌కు గాలి విసరడం వచ్చు గానీ అడ్డు వస్తే తోసే బలం తక్కువ. అందుకని బిగించి కుక్కకండి. ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా ఉంటే ఇంకా అన్యాయం, గాలి తెలివైనది, వదులుగా ఉన్న దారే వెతుక్కుంటుంది.

హనీకూంబ్ ప్యాడ్ (తేనెపట్టులా గాడులున్న అట్ట ప్యాడ్) అయితే పని తక్కువ, కానీ ఒక పొరపాటు అందరూ చేస్తారు. ప్యాడ్ పక్క అంచు చూడండి, గాడులు రెండు రకాల వాలులో ఉంటాయి. రెండు వాలులూ సమానంగా ఉంటే ఎట్లా పెట్టినా ఒకటే. ఒకటి నిటారుగా, ఒకటి చదునుగా ఉంటే మాత్రం నిటారు గాడి బయటి వైపుకు, అంటే గాలి వచ్చే వైపుకు, కిందికి దిగేలా బిగించాలి. లోపలికి తోసుకొచ్చే గాలికి ఎదురుగా నీళ్లు బయటి అంచుకు చేరి దుమ్మును కడుగుతాయి, తుంపర ఇంట్లోకి రాదు. తిరగేసి పెడితే పరుపు మీద చినుకులు పడతాయి, అప్పుడు అందరూ పంపును తిడతారు. ఈ ప్యాడ్‌ను బ్రష్‌తో రుద్దకండి, అట్టే కదా, చిరుగుతుంది. సన్నటి ధారతో కడిగితే చాలు.

ఇక నీళ్లు. ప్యాడ్ మీద తిరిగే నీళ్లకూ ఆవిరయ్యే నీళ్లకూ పొంతన ఉండదు, గంటకు 20 లీటర్లు ఆవిరి కావాలంటే 300 లీటర్ల దాకా తిప్పాలి. ఎందుకంటే ప్యాడ్‌లో ప్రతి పోగూ తడిగానే ఉండాలి. ప్యాడ్‌లో ఐదో వంతు పొడిగా ఉందనుకోండి, ఆ దారిలో వచ్చిన గాలి 42 డిగ్రీలతోనే వస్తుంది, మిగతాది 28తో వస్తుంది, రెండూ కలిసి మీ మొహానికి తగిలేసరికి 30 దాటుతుంది. ఒక జానెడు పొడి పట్టీ మూడు డిగ్రీలు తినేస్తుంది.

పైన నీళ్లు పంచే డొప్ప తీసి రంధ్రాల్లో సైకిల్ స్పోక్ పెట్టి ఒక్కొక్కటే పొడవండి, తెల్లటి పెచ్చులు రాలతాయి. తర్వాత సగం నీళ్లున్న సీసాను కూలర్ మీద పడుకోబెట్టి మట్టం చూడండి. నూటికి తొంభై స్టాండ్లు ఒక పక్కకు ఒరిగే ఉంటాయి, నీళ్లన్నీ ఆ మూలకే పోతాయి, అవతలి మూల ఎండుతుంది. కాలి కింద చెక్క ముక్క పెడితే అయిపోయే పని ఇది. మూడు వైపులా ప్యాడ్లు ఉంటే పంపు నుంచి వచ్చే పైపు మూడు దారులుగా చీలుతుంది, దగ్గరి దానికి ఎక్కువ, దూరపు దానికి తక్కువ వస్తుంది, దగ్గరి పైపును కొంచెం నొక్కి దారం కట్టండి. పంపు మీది స్పాంజి పిండి కడగండి. మళ్లీ ఫ్యాన్ లేకుండా పంపు ఒక్కటే పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ తీసి, ప్యాడ్ లోపలి వైపు అరచెయ్యి పైనుంచి కిందికి రాయండి. పొడి తగిలిన చోట పైకి చూడండి, అక్కడే రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. నీళ్లు మరీ ఎక్కువైనా బాగుండదు, సందులన్నీ నీళ్లే నింపితే గాలికి దారి ఉండదు, తుంపర కూడా మొదలవుతుంది.

తర్వాతది గాలి బయటికి పోయే దారి, ఇది చెబితే ఎవరూ నమ్మరు. ఏసీకి తలుపులు మూయాలి, కూలర్‌కు తెరవాలి. పని పూర్తయిన గాలి 28 డిగ్రీలతో, దాదాపు 70 శాతం తేమతో గదిలోకి వస్తుంది. దాని తడి థర్మామీటర్ అంకె మాత్రం ఇంకా 24 దగ్గరే. కూలర్‌ను గది మధ్యలో పెట్టి అదే గాలిని మళ్లీ పీల్పిస్తే దానికి మిగిలిన మైదానం నాలుగు డిగ్రీలే. పైగా కప్పు వేడి, మనుషుల వేడి, చెమట అన్నీ ఆ గదిలోనే పోగవుతాయి, కాసేపటికి జిగట. అందుకే కూలర్ వెనక భాగం కిటికీ బయట ఉండాలి, వీలైతే నీడ వైపు. దానికి ఎదురుగా, దూరంగా ఉన్న కిటికీ తెరవండి. దాని దగ్గర పేపర్ ముక్క పట్టుకుంటే బయటికి లాగినట్టు ఊగాలి. గది తలుపు దానంతటదే ధడేలుమని కొట్టుకుంటుంటే దారి చాలడం లేదన్నట్టు, ఇంకో రెక్క తెరవండి. మా అత్తమ్మ ఈ మాటకు “అంత గాలి బజార్ల పోస్తవా” అని నవ్వింది గానీ, వంటింటి కిటికీ తెరిచిన ఐదు నిమిషాలకు ఆమె కొంగుతో మొహం తుడుచుకోవడం ఆగింది.

మన నల్లగొండ జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉప్పు సంగతి. ఆవిరయ్యేది నీళ్లే, దాంట్లోని సున్నం, ఉప్పు, ఫ్లోరైడ్ ఏదీ ఎగరదు, తొట్టిలోనే ఉండిపోతుంది. 50 లీటర్ల తొట్టిలో రోజంతా ఇంకో 100 లీటర్లు పోస్తూ పోయామనుకోండి, సాయంత్రానికి 150 లీటర్ల ఉప్పు 50 లీటర్లలో ఉంటుంది, మూడింతలు. రేపు, ఎల్లుండి ఇంకా పెరుగుతుంది, ఒక దశలో పట్టలేక సున్నం ప్యాడ్ మీద పేరుకుంటుంది. కంపెనీల్లో అందుకే కూలింగ్ టవర్ నుంచి కొన్ని నీళ్లు ఎప్పుడూ బయటికి వదులుతుంటారు, బ్లోడౌన్ అంటారు. ఇంట్లో అంత ఏర్పాటు అక్కర్లేదు, బోరు నీళ్లైతే ఎండలు మండే రోజుల్లో రోజూ పొద్దున తొట్టి పూర్తిగా ఖాళీ చేయండి, మిషన్ భగీరథ నల్లా నీళ్లైతే మూడు రోజులకోసారి. ఆ నీళ్లు చెట్లకు పోయకండి, వాకిలి కడగండి.

“ఫ్లోరైడ్ నీళ్లు పోస్తే గాలిలో కూడా వస్తుందా” అని మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒకాయన నన్ను అడిగాడు. ఆవిరితో రాదు. తుంపర ఎగిరితే ఆ చుక్కలో ఏముందో అది వస్తుంది, కాబట్టి తుంపర ఆపుకుంటే చాలు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు 1970ల్లో తెచ్చిన నల్లగొండ టెక్నిక్ అదే, కానీ అది తాగే నీళ్ల కోసం, కూలర్‌కు అంత శ్రమ దండగ.

డొప్పకు, పంపుకు, పైపులకు పట్టిన సున్నాన్ని లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెడితే మెత్తబడుతుంది. బాత్రూం యాసిడ్ మాత్రం పోయకండి, ఇనుము తింటుంది, ఆ పొగ ఊపిరితిత్తులకు పడదు. హనీకూంబ్ లోపల రాయిలా గట్టిపడితే ఇక ప్యాడ్ మార్చడమే.

రోజువారీ నడక ఇట్లా పెట్టుకోండి. ముందు పంపు, ప్యాడ్ తడిశాక ఫ్యాన్, లేకపోతే రాత్రి పట్టిన దుమ్మంతా మొదటి విసురులోనే ఇంట్లోకి. ఆపేటప్పుడు తిరగేసి, ముందు పంపు ఆపి ఫ్యాన్‌ను ఇంకో ఇరవై నిమిషాలు నడిపితే ప్యాడ్ ఆరుతుంది, ఆ మురుగు వాసన రాదు. నాలుగు రోజులు ఊరెళ్తుంటే తొట్టి వంచి వెళ్లండి, నిలవ నీళ్లలో దోమ గుడ్డు పెట్టి కొత్త దోమ లేవడానికి వారం పది రోజులు చాలు, డెంగీ దోమకు కూలర్ తొట్టి ఇష్టమైన చోటు. వాడుతున్నా సరే, వారానికోసారి తొట్టి గోడలు పీచుతో రుద్దాలి, గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి.

కోళ్ల షెడ్డు ఉన్న అన్నలకు రెండు ముక్కలు, ఎందుకంటే జడ్చర్ల, షాద్‌నగర్ వైపు నుంచి అడుగుతుంటారు. లెక్క ఇదే, కొలతలే పెద్దవి. అక్కడి ప్యాడ్లు 150 మిల్లీమీటర్ల మందం, ప్యాడ్ గోడ మీటరు పొడవుకు నిమిషానికి సుమారు 9 లీటర్ల నీళ్లు తిరగాలి. షెడ్డు అవతలి చివర ఫ్యాన్లు గాలిని లాగుతాయి కాబట్టి పరదా చిరిగినా, తలుపు సందున్నా వడగాలి అక్కడ్నుంచే దూరుతుంది, ప్యాడ్ ఊరికే తడిసి కూర్చుంటుంది. ప్యాడ్ మార్చే ముందు పరదాలు కుట్టించండి.

మృగశిర దాటి వానలు మొదలయ్యాక కూలర్ మీద ఆశ పెట్టుకోకండి. 34 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజు తడి థర్మామీటర్ 28 దాటే ఉంటుంది, కొత్త ప్యాడ్‌తో కూడా నాలుగు డిగ్రీలే దిగుతుంది, ఆ గాలి తేమకు నిండుకుండలా ఉంటుంది, చెమట ఆరదు. అప్పుడు పంపు ఆపి ఉత్త ఫ్యాన్‌లా వాడుకోవడమే నయం.

సీజన్ అయిపోయాక తొట్టి ఆరబెట్టి, తుప్పు పట్టిన చోట గీకి రంగు వేసి, పంపును గుడ్డలో చుట్టి లోపల పెట్టండి. హనీకూంబ్ ప్యాడ్లు నీడలో ఆరాక గోనెసంచిలో దాచుకోవచ్చు. గడ్డి మాత్రం దాచకండి, దసరా వచ్చేసరికి దాంట్లో ఎలుకలు పిల్లల్ని పెడతాయి.